ప్రతి మార్కు పక్కనా ఒక మాట

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి వచ్చి ఏడేళ్లయింది. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శనివారం ఇంటి పనులు, ఆదివారం పొద్దున మర్ఫీ. మర్ఫీ నా గుర్రం కాదు, ఊరి చివర రైడింగ్ స్కూల్‌ది. గంటల లెక్కన డబ్బు కట్టి ఎక్కుతాను. ఇలాంటి గుర్రాన్ని ఇక్కడ కాబ్ అంటారు: బలిసిన మెడ, పీపాలాంటి ఒళ్లు, గిట్టల మీదికి జారే వెంట్రుకలు. డ్రెసాజ్ అంటే గుర్రాన్ని ముందే చెప్పిన కదలికల్లో నడిపించి మార్కులు తెచ్చుకునే పోటీ. టీవీలో కనిపించే డ్రెసాజ్ గుర్రాలకీ దీనికీ పోలికే లేదు.

"నలభై ఏండ్లకు గుర్రం పోటీలేంది బిడ్డా? కింద పడితే ఎవరు జూస్తరు?" అని కరీంనగర్ నుంచి అమ్మ. ఆఫీసులో వాళ్లడిగేదీ దాదాపు అదే: గెలిచేదేమీ లేనప్పుడు పోటీకెందుకు వెళ్లడమని.

వెళ్లేది ఒక కాగితం కోసం.

చిన్న డ్రెసాజ్ మైదానం 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. చుట్టూ అక్షరాల పలకలు. 'A' పలక దగ్గర లోపలికి వస్తాం. ఎదురుగా 'C' పలక దగ్గర జడ్జి, పక్కనే ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసే మనిషి. మొదటి మెట్టు టెస్టుల్లో నడక, ట్రాట్ (నడక కంటే వేగమైన దుడుకు నడక) మాత్రమే. తర్వాత ఏం చేయాలో బయటినుంచి ఒకరు చదివి వినిపించవచ్చు కూడా. ఒక్కో కదలికకి సున్నా నుంచి పది దాకా మార్కు, దాని పక్కన కారణం. అంతా అయ్యాక ఆ కాగితం మన చేతికిస్తారు.

నా మొదటి సర్కిల్‌కి 5 వచ్చింది. పక్కన "కోడిగుడ్డులా ఉంది" అని రాశారు. ఆ ఏడాదే అప్పటి ఆఫీసులో అప్రైజల్ రేటింగ్ తగ్గించారు. ఎందుకని మూడుసార్లు అడిగినా ఒక్క కారణం చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని జడ్జి మాత్రం నా ఆరు నిమిషాల స్వారీకి ఇంత పెద్ద కాగితం నింపి ఇచ్చింది.

అందులోనే ఇంకో గడి ఉంది. ట్రాట్ నుంచి నడకలోకి దిగే చోట 4. "నోరు తెరుస్తోంది, చేతులు మెత్తబడాలి." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయంతో నేను పగ్గాలు గుంజుతుంటే కళ్లెం ఇనుము దాని నాలుక మీద నొక్కుకుంటోంది. మర్ఫీ నెలల తరబడి ఓర్చుకుంది. నోరులేని జీవి తరఫున ఆ మాట రాసింది జడ్జి. ఆ తర్వాత రెండు నెలలూ ఒకటే సాధన: ఊపిరి వదలాలి, జీనులో బరువుగా కూర్చోవాలి, తడిగుడ్డ పిండినంత మెల్లగా వేళ్లు మూయాలి. తర్వాతి టెస్టులో అదే గడికి 6.5. "చేతులు చాలా నయం." ఎన్నో స్థానం వచ్చిందో చూసుకోవడం కూడా మరిచిపోయాను.

ఒకప్పుడు ఒలింపిక్స్ డ్రెసాజ్ సైనికాధికారులకే. 1948 లండన్‌లో బంగారం గెలిచిన స్వీడన్ జట్టు నుంచి, ఒక రౌతు అసలు అధికారి కాదని, పతకం వెనక్కి తీసుకున్నారు. 1952లో మామూలు మనుషులకీ ఆడవాళ్లకీ దారి తెరిచారు. పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడిన డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ ఆ ఏడాదే వెండి పతకం తెచ్చుకుంది. గుర్రమెక్కడానికి, దిగడానికి మాత్రం ఆమెకి సాయం కావాల్సి వచ్చేది. మా స్కూల్లో తుంటి ఆపరేషన్ చేయించుకున్న పెద్దావిడ మెట్ల బల్ల మీంచి గుర్రమెక్కుతుంటే నాకు హార్టెలే గుర్తొస్తుంది.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టు బంగారం గెలిచిన వారం, లాయంలో అందరూ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. నేను గెలిచినంత సంతోషపడ్డాను.

కిందటి ఆదివారం ముగింపు సెల్యూట్‌కి నడిగీత మీద ఆగినప్పుడు మర్ఫీ ఎడమ వెనక కాలు ఒక అడుగు వెనకబడింది. కాగితం మీద 5.5. "నిలబడ్డాడు, కానీ నాలుగు కాళ్లూ సమంగా లేవు." బుధవారం సాయంత్రం పాఠంలో ఆ ఒక్క కాలి పనే.