మూడు వేల ఏళ్ల గట్టు

ఓ పురాతన గట్టును కొలవడానికి మేం సర్వేకి వస్తున్నామని తెలిసి, ఆ పొలం రైతు గట్టు మీద ఎండిపడిన బ్రాకెన్ ఫెర్న్ (కొండల మీద దట్టంగా పెరిగే ఓ మొక్క) అంతా ముందురోజే కొడవలితో కోసి, పక్కకి లాగి కుప్పలు పెట్టాడు. మెషీన్ ఎందుకు వాడలేదంటే ‘గట్టు దెబ్బతింటుంది’ అన్నాడు. ఎవరో వచ్చి వాళ్ల తాతకి మ్యాపు చూపించి ఇది పాత గట్టని చెప్పారట, అప్పట్నుంచి ఇటు నాగలి రాలేదట. తర్వాత మామూలుగానే అడిగాడు: ‘మీ దేశంలో ఇలాంటి పాతవి ఉన్నాయా? ఎవరు చూసుకుంటారు?’

ఉన్నాయన్నాను. రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.

ఇది ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్, సట్టన్ బ్యాంక్ దగ్గర హ్యాంబుల్టన్ కొండలు. మేం కొలుస్తున్నది క్లీవ్ డైక్. కందకం తవ్విన మట్టిని పక్కనే గట్టుగా పోశారు. కొండల పడమటి అంచు వెంట ఉత్తర దక్షిణాలుగా దాదాపు 9 కిలోమీటర్లు సాగుతుంది. వయసు సుమారు 3,000 ఏళ్లు. కొన్నిచోట్ల ముందు వరసగా గుంతలు తవ్వి, తర్వాత కలిపేశారు. అంతకన్నా పాత సమాధి దిబ్బలను గురిగా పెట్టుకుని గీత లాగారు. చాలా మేర దున్నకాల్లో చదునైపోయింది.

అడుగెత్తు కూడా మిగలని చోట గట్టు ఎక్కడ మొదలైందో మిట్టమధ్యాహ్నం కంటికి ఆనదు. పొద్దు వాలి నీడ పడితే తెలుస్తుంది. అప్పుడు జీపీఎస్ కర్ర పట్టుకుని గట్టు పైఅంచున ఒక రీడింగ్, వాలు అడుగున ఒకటి, కందకం లోపల ఒకటి. ప్లాన్ మీద ఆ వాలును తోకకప్పల్లాంటి గీతలతో వేస్తాం, తల ఎత్తు వైపు, తోక పల్లం వైపు. లైడార్ (పైనుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచే పద్ధతి) చిత్రంలో గీత ముందే కనిపిస్తుంది కానీ, అది గట్టో పాత బండిదారో నడిచి తేల్చుకోవాల్సిందే.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మాది పాలమూరు. ఊట్నూరులో (ఆదిలాబాద్‌ది కాదు, మా వైపుది) బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1950ల్లో బూడిద దిబ్బ తవ్వితే కొత్తరాతియుగపు పశువుల దొడ్డి బయటపడింది. కట్టెల కంచె, కాలిన పేడ పొరలు, వాటి మధ్య ఆవుల గిట్టల ముద్రలు. క్లీవ్ డైక్ కన్నా కనీసం వెయ్యేళ్లు పెద్దది. మరి దక్కన్‌లో అలాంటి దిబ్బలను ఎరువు కోసం ఎన్నిచోట్ల తవ్వుకుపోయారో!

గట్టు విలువ మనవాళ్లకి తెలీదంటే ఒప్పుకోను. జానెడు గట్టు కోసం అన్నదమ్ములు మండలాఫీసు చుట్టూ ఏళ్లు తిరుగుతారు. రెండెకరాల వాడు ఎరువు వదులుకోవడం, పెద్ద కమతం ఉన్నవాడు ఓ పట్టీ వదిలేయడం ఒకటి కాదు. పైగా ఇక్కడ ఇంగ్లండ్‌లో 1979 చట్టం ఉంది, రక్షిత కట్టడంలో అనుమతి లేకుండా తవ్వితే నేరం. ఇలా నాకు నేనే వాదించుకున్నాను. కానీ ఆ ఫెర్న్ కోసిపెట్టమని ఏ చట్టమూ చెప్పలేదు.

ఆదివారం చిన్నాన్నకి ఫోన్ చేసి మా ఊరి బూడిద దిబ్బ గురించి అడిగాను.

‘ఆ బూడిద మేం గూడ బండ్లతోని తోలినం రా, చేనుకు మంచిగుంటది.’

‘ఎవరూ వద్దనలేదా చిన్నాన్నా?’

‘ఎవరొచ్చి చెప్పిండ్రు? చెప్తే ఇడిసిపెడుదుము. మ్యాపులు గీసుడే నీ పని గద, ఈసారి వచ్చినప్పుడు మనది గూడ గియ్యి.’