తపసి చెట్టు తెలుపు కాదు

నల్లమలకు బొమ్మలేయడానికి వెళ్లేవాళ్లు వానలు వెళ్లాక వెళ్తారు. అప్పుడు అడవి పచ్చగా ఉంటుంది, మల్లెలతీర్థంలో నీళ్లు దూకుతుంటాయి. నేను మాత్రం ఏప్రిల్ మొదట్లో బయల్దేరాను. నాక్కావాల్సింది తపసి చెట్టు. ఆకులున్నన్నాళ్లూ అది గుంపులో కలిసిపోతుంది. ఆకు రాలిందంటే చాలు, రాతి గుట్టల వాలున తెల్లటి మానుతో ఎంత దూరానికైనా కనిపిస్తుంది.

శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలో బంద్. అందుకే ముందురోజు సాయంత్రమే మన్ననూరు చేరి బస చేశాను. దారి గురించి చెప్పేంత విశేషమేమీ లేదు, డిండిలో టీ బాగుంది.

పొద్దున సఫారీ బండి ఎక్కబోతుంటే నా పెట్టె చూసి గైడ్ అడిగాడు, "గా సీసల ఏముంది సార్?" టర్పెంటైన్. రంగు పల్చబడటానికి, కుంచెలు కడగడానికి అది లేకుండా ఆయిల్ పెయింటింగ్ కష్టం. కానీ ఎండుటాకులు మోకాలెత్తు పేరుకున్న కాలంలో, అగ్గిపెట్టె కూడా తేనివ్వని అడవిలోకి అంటుకునే ద్రావకం తీసుకెళ్తానంటే ఎవరొప్పుకుంటారు? సీసా గదిలో పెట్టేసి లిన్‌సీడ్ (అవిసె) నూనె, పాత గుడ్డలు మాత్రం తీసుకెళ్లాను. టర్పెంటైన్ లేక రంగు గట్టిగానే ఉండిపోయింది, కుంచె జరగదు. ప్యాలెట్ నైఫ్‌తో, అంటే రంగు పూసే మొద్దు కత్తితో, పూయాల్సి వచ్చింది. తపసి బెరడు కాగితపు పొరల్లా లేచి ఊడుతుంది కాబట్టి నైఫే దానికి సరిపోయింది.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఎక్కడపడితే అక్కడ బండి దిగనివ్వరు. ఫర్హాబాద్ వ్యూపాయింట్ దగ్గర దిగొచ్చు. నిజాం కాలంలో వేటకొచ్చినవాళ్లు బస చేసిన చోటు ఇది. అక్కడే, లోయ అంచున ఉంది నా చెట్టు. చెక్కపలక ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టాను. మాను మొత్తం టైటానియం వైట్, నీడవైపు కాస్త నీలం. తపసి అనగానే ఎవరికైనా తోచేది అదే.

సగంలో ఉండగా కింద లోయలోంచి కొండముచ్చుల అరుపు. మామూలు గోల కాదు, ఆగి ఆగి దగ్గినట్టు. గైడ్ చెంచు మనిషి, చెవి అటు వేసి, "బండెక్కు సార్, జెల్ది" అన్నాడు. పెట్టె అక్కడే వదిలేసి ఎక్కేశాం. ఇంజన్ ఆపేశారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అటు చూడాలంటే భయం, చూడకుండా ఉండలేను. తల తిప్పకుండా చూడగలిగింది ఆ చెట్టొక్కటే. ఆ టెన్షన్‌లో దాన్ని చూసినట్టు ఇంకే చెట్టునీ చూసి ఉండను. ఎండ తగిలే అంచున సన్నటి గీత తప్ప ఎక్కడా తెలుపు లేదు. ఊడిన పొరల కింద లేత ఆకుపచ్చ, దాని పక్కనే పుండు మానినచోట వచ్చే గులాబీ, కింద మొదట్లో ఇటుక దుమ్ము.

అరుపులు ఆగాయి. పులి వచ్చిందో, చిరుతో, ఏదీ రాలేదో! ఫోన్‌లో తీసిన ఫొటోలో మాత్రం చెట్టు సున్నం కొట్టినట్టే వచ్చింది. పలక మీది తెలుపంతా నైఫ్‌తో గీకేసి మళ్లీ వేశాను.

గైడ్ పక్కన కూర్చుని చూస్తూ చెట్టు మీద ఒక పాత గాటు చూపించాడు. నిలువుగా జానెడు పొడవు, అంచులు లావుగా మూసుకుపోతున్నాయి. అంచున రెండు జిగురు చుక్కలు, లేత బెల్లం రంగు. దగ్గరకెళ్తే పుల్లటి వాసన.

"లోపటి దాక గొడ్డలి దించిండు ఎవడో. గట్ల కొడ్తె చెట్టు సస్తది సార్. పైపైన చెక్కాలె."

చెంచులకు ఈ జిగురు తరతరాల ఆదాయం. మందుల్లోకి, కట్టుడుపళ్లు చిగుళ్లకు అంటుకునే పొడిలోకి కూడా ఇదే పోతుంది. లోతుగా నరికి నరికి తపసి చెట్లు చాలాచోట్ల పలచబడ్డాయి.

పచ్చి పలకను రెండు అట్టల మధ్య కార్కు ముక్కలు పెట్టి కట్టి ఇంటికి తెచ్చాను. కెనడాలో టామ్ థామ్సన్ అనే చిత్రకారుడు ఇలాగే అల్గాన్‌క్విన్ అడవిలో చిన్న పలకల మీద వేసుకొచ్చి, చలికాలం టొరంటోలో పెద్ద కాన్వాసుకెక్కించేవాడు. 1916–17 నాటి 'ది జాక్ పైన్' అలా వచ్చిందే. మూడడుగులు నాలుగడుగుల కాన్వాసు మీద నేను ముందు బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు) టర్పెంటైన్‌లో పల్చగా కలిపి పూశాను. పైకి వచ్చేకొద్దీ నూనె పాలు పెంచాలి, లేకపోతే పైపొర ముందే ఆరి పగుళ్లిస్తుంది. లిన్‌సీడ్ నూనెతో తెలుపు కాలం గడిచేకొద్దీ పచ్చబడుతుంది. కాబట్టి ఆ అంచు గీతకు మాత్రం కుసుమ నూనెలో నూరిన తెలుపు వాడాను. గాటును కాన్వాసు నడిమధ్యకు తెచ్చాను. అసలు చెట్టు మీద అది కాస్త కిందికుంది, అంతవరకు నా స్వేచ్ఛ.

ఇంటికొచ్చిన ఒకాయన బొమ్మంతా వెతికి "పులేదండీ?" అన్నారు. కొండముచ్చుల కథ చెబితే, "అయితే మూలన ఓ తోకైనా వేయండి, కొనేస్తా" అన్నారు. వేయలేదు.

ఇక ఆకులేసిన తపసిని వేయాలి. జులై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ ఉండదు, అక్టోబర్‌కు గది దొరుకుతుందేమో కనుక్కోవాలి. ఈసారి టర్పెంటైన్ అసలు సర్దను.