ఘంటాఏ సార్, ముడుల పురికొస

మన కాలేజీ పాత విద్యార్థుల కలయిక సంచికకు ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. హాస్టల్ పప్పు గురించి, చిన్న రైల్లో నౌపడా ప్రయాణాల గురించి ఎలాగూ మీరంతా రాస్తారు. నాకు మాత్రం పర్లాకిమిడి అనగానే ఒక్క రోజే కళ్ళముందుకొస్తుంది. 1992 అక్టోబర్ 2.

ఆ రోజే ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి విడిపోయి మన గజపతి జిల్లా ఏర్పడింది. మనమేమో తెల్లారకముందే ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) బ్యాడ్జీలు పెట్టుకుని, పారలూ తట్టలూ మోసుకుంటూ కొండ కింది సవర గిరిజనుల పల్లెకు నడిచాం. ఊళ్ళో సంబరం చూసి వెళదామని, మనం 'రేడియో' అని పిలిచే మన నేస్తం ఎంత బతిమాలాడో! మనల్ని తీసుకెళ్తున్న కెమిస్ట్రీ సార్ ఒకటే మాట అన్నారు: "జిల్లా రేపూ ఉంటుంది. వానలకు నూతిలో ఏం చేరిందో ఎవరికి తెలుసు? ముందు అది చూద్దాం."

అంతకు వారం ముందునుంచే కెమిస్ట్రీ ల్యాబ్‌లో మనకు సవర పాఠం. "గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో మేష్టారుగా ఉండే సవర నేర్చుకున్నారు. మీకు పది మాటలు కూడా రావా?" అని బోర్డు మీద ఒడియా లిపిలో రాసేవారు. మనం తెలుగులో ఎక్కించుకునేవాళ్ళం. నా నోట్సులో ఆ పేజీ ఇంకా ఉంది.

దారి బాగుచేశాం, తుప్పలు కొట్టాం, నూతి చుట్టూ నిలిచిన మురుగు పోయేలా కాలవ తీశాం. ఆ తర్వాత సార్ సంచిలోంచి పురికొస తీశారు. కొసకు రాయి, అర మీటరుకొక ముడి. రాయి అడుగుకు తగిలాక పైకి లాగితే ఆరు ముడులు తడిసి ఉన్నాయి. అంటే మూడు మీటర్ల నీళ్ళు. నుయ్యి అడ్డం రెండు మీటర్లు. గట్టు మీద బొగ్గుతో లెక్క వేయించారు: 9,420 లీటర్లు. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. గుడ్డలో చుట్టి తెచ్చిన ల్యాబ్ త్రాసులో 24 గ్రాములు తూచారు. పల్లె మొత్తం తాగే నూతికి గుప్పెడు పొడి కూడా అక్కర్లేదా అని నోరు తెరుచుకుని చూశాను.

బకెట్‌లో కలిపి, అలాగే నూతిలో గుమ్మరించబోయాను. సార్ నా మణికట్టు పట్టుకున్నారు. "సున్నం అడుగుకు దిగనీ బాబూ. అది నూతిలో పడితే నీళ్ళ కాఠిన్యం పెరుగుతుంది." పది నిమిషాలాగి, పైన తేరిన నీళ్ళే ఇంకో బకెట్‌లోకి వంచి, తాడుతో దించి, లోపల కిందికీ పైకీ ఆడించాం.

అప్పటికే ఆడవాళ్ళు బిందెలతో వరసకట్టారు. మనం నేర్చుకున్న పది మాటల్లో 'ఆగండి' లేదు! సార్ రెండు చేతులూ ఎత్తి "ఘంటాఏ రుహ, ఘంటాఏ రుహ" (ఒక్క గంట ఆగండి) అని ఒడియాలోనే బతిమాలారు. మందు నీళ్ళలో పని చేయడానికి గంట పట్టాలి మరి. ఆ గంటసేపూ సార్ గట్టు దిగలేదు. గంటయ్యాక ఒక ముసలమ్మ చేద లాగి, వాసన చూసి, మొహం చిట్లించింది. సార్ ఆవిడ ముందు దోసిలి పట్టారు. ఆవిడ పోసింది, ఈయన తాగారు. ఆ తర్వాతే ఆవిడ బిందె నింపుకుంది.

మిగతా రెండేళ్ళూ ఎలా గడిచాయో నిజంగా గుర్తులేదు. 240 గంటల ఎన్నెస్సెస్ సర్టిఫికెట్ మాత్రం ఫ్రేము కట్టించుకున్నాను. శ్రీకాకుళం వైపు తాగునీటి ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. మా అమ్మాయి బరంపురంలో మెడిసిన్ చదువుతోంది. దేవుడి దయవల్ల లోటు లేదు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత, వరద నీళ్ళు చేరిన నూతుల దగ్గరికి నన్నూ పంపారు. సాయానికి కాలేజీ పిల్లలొచ్చారు. ఒక కుర్రాడు బస్తా విప్పి, పొడి దోసిలితో తీసి నూతిలోకి వేయబోతున్నాడు. మణికట్టు పట్టుకున్నాను. ఆ రాత్రే పురికొస కొని, టార్చిలైటు వెలుగులో స్కేలు పెట్టి ముడులు వేశాను. మర్నాటి నుంచి పిల్లలే లెక్కలు కట్టారు, పిల్లలే గంటసేపు కాపలా కాశారు.

సార్‌ని తీసుకొస్తున్నామని కమిటీ వాళ్ళు మాటిచ్చారు. పురికొస నా బ్యాగులో పెట్టేశాను. రేడియో, ఆయన ముందు ముడులు లెక్కపెట్టేది నువ్వే.