గబ్బిలం రక్తం, బోరు నీళ్లు: నా అనుభవం

నిన్న సాయంత్రం మైక్రోస్కోప్‌లో నేను వెతుకుతున్న కణం కనిపించింది. ఆ సంతోషం ఆరకముందే రాస్తున్నాను.

గబ్బిలాల రక్తంలోని పరాన్నజీవుల మీద నా పీహెచ్‌డీ. నేను వెతికేది హెపటోసిస్టిస్ కోసం. మలేరియా క్రిమికి దగ్గరి చుట్టం, కానీ దీన్ని మోసేది దోమ కాదు, క్యూలికాయిడిస్ అనే సన్నటి ఈగ. అటవీ శాఖ అనుమతి వచ్చింది. మూడు డోసుల రేబిస్ టీకా వేయించుకున్నాను. దేవరకొండ దగ్గర జామతోటలో వల కట్టి పొట్టిముక్కు పండ్ల గబ్బిలాలను పట్టాం. రెక్క నరం మీద సూదితో గుచ్చి ఒక్క చుక్క తీసి, వదిలేశాం.

అసలు గోస జీమ్సా రంగు దగ్గర మొదలైంది. రక్తంలోని పరాన్నజీవులు మైక్రోస్కోప్‌లో కనిపించేలా స్లైడుకు వేసే రంగు అది. ముప్పై స్లైడ్లు వేస్తే ముప్పై నీలంగానే వచ్చాయి, ఎర్రకణాలతో సహా. రివ్యూలో ఒక పెద్దాయన తెర మీద నా స్లైడు చూసి, "రంగు వేయడమే రానివాళ్లకు గబ్బిలాలు ఎందుకు?" అన్నారు. నేను పరాన్నజీవి అని చూపించింది రంగు మడ్డి అని తేల్చారు. అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ తప్పు ఎక్కడ జరిగిందో ఒక్కరూ చెప్పలేదు. రంగు సీసా మార్చాను, టైం తగ్గించాను, హాస్టల్‌కు వెళ్లి ఏడ్చాను. తప్పు పట్టేవాళ్లకు దారి చూపే బాధ్యత కూడా ఉండాలి.

చివరికి దారి చూపింది మా వీధిలోని కాకా. మలేరియా స్లైడ్లు చూసీ చూసీ రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్. స్లైడు వెలుతురుకు పట్టి, "బిడ్డా, ఏ నీళ్లు కలిపినవ్?" అన్నాడు.

డిస్టిల్డ్ వాటర్ అని రాసి ఉన్న క్యాన్‌లోవే కలిపాను. పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే కొలత, చూస్తే 8 దాటింది. అడిగితే, డిస్టిలేషన్ యంత్రం చెడిపోయి నెలలుగా అందులో బోరు నీళ్లే నింపుతున్నారట! మన నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, క్షారం సంగతి ఎవరూ పట్టించుకోరు. జీమ్సాకు పీహెచ్ 7.2 దగ్గర నిలిపి ఉంచే ద్రావణం, అంటే బఫర్ కావాలి. అది దాటితే ఎర్రకణాలు కూడా నీలం తాగుతాయి. క్యాన్ మీది రాతను నమ్మకండి, మీరే కొలవండి. రంగును వడకట్టండి.

ప్రతి గబ్బిలానికి రెండు స్లైడ్లు లాగి, రెండోదాన్ని మిథనాల్‌లో ముంచి రంగు వేయకుండా దాచాను. నన్ను కాపాడింది ఆ జాగ్రత్తే. దాచిన వాటికి ఈసారి సరైన బఫర్‌తో రంగు వేశాను. తొమ్మిదో గబ్బిలం స్లైడులో ఒక కణం నిండా నీలి గుండ్రం, లోపల గోధుమరంగు రేణువులు. పేరు ఖాయం కావాలంటే పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష జరగాలి, రేపు పంపిస్తున్నాను. ముందుగా కాకాకే చూపించాను. "గిప్పుడు పడ్డది రంగు" అన్నాడు.

ఆ పెద్దాయనకూ ఫొటో పంపాను. చూశారు, జవాబు ఇంకా రాలేదు.