కూకట్‌పల్లి నాలా గ్యాంగు తరఫున

సావనీర్‌కి ఓ పేజీ రాయమని కమిటీవాళ్లు వెంటపడుతున్నారు, హాస్టల్ సాంబారు గురించైతే బాగుంటుందట. దాన్ని బక్కోడికి వదిలేద్దాం, వాడికి దాని మీద పేటెంట్ ఉంది. నాకు ఎమ్మెస్సీ అంటే నీళ్లలో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పరీక్ష చేయించిన మా 'వింక్లర్' సారూ, హుస్సేన్‌సాగరూ, అంతే. ఫస్టియర్‌లో ఏం చదివామంటే తెల్లమొహం వేస్తాను.

1562లో కుతుబ్‌షాహీలు కట్టిన చెరువురా, ఒకప్పుడు ఊరంతా ఆ నీళ్లే తాగింది అని సార్ ఎంత చెప్పినా ముక్కు మూసుకునే దిగేవాళ్లం. నీళ్లు పరీక్షించడానికి, ఆ చెరువులో కలిసే పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు మిగతావాళ్లు ముందే పంచేసుకుంటే మా గ్యాంగుకి కూకట్‌పల్లి నాలా మిగిలింది, బాలానగర్ ఫ్యాక్టరీల నీళ్లతో సహా.

ఆ రోజు గుర్తుందిగా. గాలి బుడగ చేరకుండా 300 మి.లీ. సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడు పిపెట్‌తో లోపలికి దించి వదిలి, మూత బిగించి తిరగేశాం. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు రావాలి. విరిగిన పాలలా తెల్లగా తేలింది. ఇంకో సీసా పట్టాం, అదీ తెల్లగానే. రసాయనం పాడైంది, పోదాం పదండని చశ్మా గాడు అప్పుడే సంచి సర్దేశాడు.

సార్ ఏమీ అనలేదు. రోడ్డవతల టీకొట్టు కుళాయి నీళ్లు సీసాలో పట్టించి, అవే రసాయనాలు వేయించారు. క్షణంలో ముదురు గోధుమరంగు! "మందు బానే ఉందిరా, నాలాలోనే ప్రాణం లేదు" అన్నారు.

తిరిగొస్తుంటే బస్సులో కండక్టర్ బుట్టలోకి తొంగి చూసి సారానా అని అడగడం, మేడమ్‌గారు వాడితో పెట్టుకున్న గొడవ ఎవరైనా వేరే వ్యాసంలో రాయాలి. ల్యాబ్‌లో చశ్మా గాడు రిజిస్టర్‌లో సున్నా అని వేస్తే సార్ కొట్టేశారు. "సున్నా అనడానికి నువ్వెవడివి? ఈ పద్ధతికి అందలేదు అని రాయి." ఆ తర్వాత మెస్ బిల్లు కట్టావా అన్నా, బక్కోడి ఉత్తరానికి జవాబొచ్చిందా అన్నా హాస్టలంతా ఒకటే మాట, ఈ పద్ధతికి అందలేదు!

ఇప్పుడు నేను మురుగునీటి శుద్ధి ప్లాంటులో ల్యాబ్ చూస్తున్నాను. గాలి కొట్టే ట్యాంకులో ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాములకి తగ్గకుండా చూసుకోవడం రోజువారీ టెన్షన్. నా సంతకం పడందే రిపోర్టు బయటికి పోదు (గొప్పకి చెప్పడం లేదు, సరే, కొంచెం గొప్పకే). ఇప్పుడు ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ ముంచితే అంకె తెర మీద పడుతుంది, అయినా ప్రాజెక్టుకొచ్చే పిల్లలకి ముందు సీసా, పిపెట్టే ఇస్తాను. లోపల్లోపల తిట్టుకుంటారు, తెలుసు.

కమిటీకి ఒక్క మనవి. సార్‌కి శాలువా కప్పేసి కూర్చోబెట్టకండి, ఓ అరగంట మైకివ్వండి. బక్కోడికి మాత్రం వద్దు.