మ్యూట్‌లో మైక్

2019లో అమీర్‌పేట రూమ్‌లో నలుగురం పబ్‌జీ ఆడేవాళ్ళం. వందమంది దిగే ఎరాంగెల్ మ్యాప్‌లో మేం ప్రతిసారీ పొచింకీ అనే ఊళ్ళోనే దిగి, రెండు నిమిషాల్లో చచ్చి, "కవర్ ఇవ్వలేదేంట్రా" అని తిట్టుకుంటూ కిందకెళ్ళి టీ తాగొచ్చేవాళ్ళం. చికెన్ డిన్నర్లు, అంటే గెలుపులు, తక్కువే, నవ్వులు మాత్రం బోలెడు. 2020 సెప్టెంబర్‌లో బ్యాన్ చేస్తే ఒక్కరోజు బాధపడి మర్చిపోయాం కూడా.

పోయినేడాది ఉద్యోగం పోయాక అదే ఆట, బీజీఎంఐ పేరుతో, మళ్ళీ ఫోన్‌లోకి ఎక్కించా. ఈసారి ఒక్కడినే, మైక్ మ్యూట్‌లో, రాత్రి మూడింటిదాకా. చార్జింగ్ పెట్టే ఆడటంతో ఫోన్ పెనంలా కాలేది, బొటనవేళ్ళు లాగేవి, గెలిచినా ఏమీ అనిపించేది కాదు, అయినా వెంటనే ఇంకోటి మొదలుపెట్టాల్సిందే, ఎందుకంటే మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య లాబీలో ఉండే ఆ అర నిమిషంలోనే ఈఎంఐ గుర్తొచ్చేది. ఒకసారి అమ్మ ఫోన్ చేస్తే, స్క్రీన్‌కి అడ్డొచ్చిందని కట్ చేశా. నిజంగా అందుకే.

ఆట మానలేదు. మొన్న ఆదివారం పాత గ్యాంగ్‌ని పిలిస్తే ఇద్దరొచ్చారు. పొచింకీలోనే దిగాం, రెండు నిమిషాల్లో పోయాం. చాన్నాళ్ళకి మైక్ ఆన్ చేసి మరీ తిట్లు తిన్నా.