కంది వేరు కోసం పటాన్‌చెరు దాకా

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగేసరికి జల్లు పడుతోంది. అక్కణ్ణుంచి సిటీ బస్సు. ట్రాఫిక్ సంగతి ఎత్తకపోవడమే మంచిది. పటాన్‌చెరు అనగానే చాలామందికి ఇక్రిశాట్ గుర్తొస్తుంది. 1972లో పుట్టిన ఆ సంస్థ కంది, శనగ, పల్లి మీద పరిశోధన చేస్తుంది. నేను వెళ్లింది మాత్రం ఆ చుట్టుపక్కలే ఉన్న పెద్దమ్మ కంది చేనుకి.

వెళ్లగానే ఉత్సాహంగా ఓ మొక్కను పీకాను. వేరు తెగింది.

"గుంజకు బిడ్డా! బుడిపెలన్నీ మట్టిల్నే ఉంటయ్" అంటూ పెద్దమ్మ గడ్డపార తెచ్చి, మట్టి పెళ్లగించి రెండో మొక్కను తీసింది. వేళ్ల నిండా బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు! మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ అది.

ఈ బుడిపెల్లో కాపురముండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పదో తరగతిలో దీన్ని 'సహజీవనం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు కథ అంతకు ముందే ఉంది. నత్రజని తక్కువైనప్పుడు మొక్కే బొట్టు పెట్టి పిలుస్తుంది, ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు వదిలి. రైజోబియం బ్యాక్టీరియా అది పసిగట్టి నాడ్ ఫ్యాక్టర్ అనే జవాబు సంకేతం పంపుతుంది. అదొక చిన్న చక్కెర గొలుసు, చివర కొవ్వు తోక. చిక్కేమిటంటే, తెగులు తెచ్చే బూజుల కణ గోడల్లోని కైటిన్ అనే పదార్థం కూడా దాదాపు అలాంటి గొలుసే. ఒకరికి తలుపు తీయాలి, ఇంకొకరికి గడియ వేయాలి. వేరు కణాల పైపొర మీది గ్రాహకాలు, అంటే సంకేతాలను అందుకునే ప్రోటీన్లు, ఆ చిన్న తేడానే పట్టుకుంటాయి. లోటస్ అనే చిన్న పప్పుజాతి మొక్కలో అలాంటి రెండు గ్రాహకాలను 2003లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు గుర్తించారు. సంకేతం అందగానే కణ కేంద్రకంలో కాల్షియం మోతాదు లయగా పెరిగి తగ్గుతుంది. ఆ తర్వాతే బుడిపె. పల్లిలో ఇంకో వింత: బ్యాక్టీరియా వేరు నూగులోంచి కాక, పక్కవేరు పుట్టే చోటి పగుళ్లలోంచి దూరుతుంది. దొడ్డిదారి అన్నమాట.

చేను మూలన ఒక చోట మొక్కలు మరీ పచ్చగా ఉన్నాయి. "ఆడ యూరియా బస్తా పలిగింది" అంది పెద్దమ్మ. తవ్వి చూస్తే రెండో మూడో బుడిపెలు. కడుపు నిండినోళ్లు ఎవర్ని పిలుస్తారు!

ఒక మొక్కను మట్టితో సహా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టర్ ఓసారి సంచి వైపు, ఓసారి నా వైపు చూశాడు. మియాపూర్‌లో దిగి తీసి చూస్తే, చీల్చిన బుడిపె గులాబీ రంగు పోయి గోధుమ రంగుకు తిరిగింది.